ఎన్నడూ కలవని స్నేహితుడు పోయారు: ఉత్తరాలు దాచుకోవడం, ఇంటివాళ్ళకు రాయడం ఎలా?

నీలిసిరా:
మెయిళ్ళలో, చాట్‌లో తప్ప ఎన్నడూ కలుసుకోని స్నేహితుడు పోయారు. వాళ్ళ తమ్ముడు ఆయన ఫేస్‌బుక్ పేజీలో పెడితే తెలిసింది, అదీ అంత్యక్రియలు అయిపోయాక. ఆ ఇంట్లో ఎవరికీ నేను తెలీదు. రాయొచ్చా? రాస్తే ఏం రాయాలి? మా ఉత్తరాలు జీమెయిల్‌లో కొన్ని, వాట్సాప్‌లో కొన్ని, మెసెంజర్‌లో కొన్ని ఉన్నాయి, అవి పోకుండా ఏం చేయాలి? ఆయన ప్రొఫైల్‌ను స్మారక ఖాతాగా (పోయినవారి గుర్తుగా ఉంచే పేజీగా) మార్చమని ఫేస్‌బుక్‌ను నేను అడగొచ్చా? చివరిది ప్రశ్నో కాదో తెలీదు: "చూడనైనా చూడని మనిషికి ఇంత ఏడుపా" అంటున్నారు.

రఘు_కె:
ముందు ఉత్తరాల పని చూడండి. మిగతావి ఆగుతాయి, ఇది ఆగదు. ఇప్పుడే చదవక్కర్లేదు, భద్రం చేస్తే చాలు.

వాట్సాప్ ఖాతా 120 రోజులు వాడకపోతే మామూలుగా రద్దయిపోతుంది. మీ ఫోన్‌లోని చాట్ ఎక్కడికీ పోదు కానీ ఆయన ఫొటో పోతుంది, కాబట్టి దాన్ని ఇప్పుడే స్క్రీన్‌షాట్ తీసుకోండి. కొన్నాళ్ళకు ఆ నంబరు ఇంకొకరికి వెళ్తుంది. అప్పుడు అదే చాట్ మీద కొత్త మనిషి ఫొటో, "ఆన్‌లైన్" అన్న మాట కనిపిస్తాయి. చాలామంది ఉలిక్కిపడేది ఇక్కడే. అందుకే ఆ నంబరుకి మనసులో మాటలు పంపడం మానుకోండి, చదివేది ఎవరో తెలీదు.

చాట్ మెనూలో "ఎక్స్‌పోర్ట్ చాట్" ఉంటుంది. ఫొటోలూ ఆడియోలూ లేకుండా అయితే 40,000 మెసేజీలు, వాటితో అయితే 10,000 వస్తాయి. లెక్క చివరి మెసేజీ నుంచి వెనక్కి, అంటే పరిచయమైన తొలిరోజులవే మిగిలిపోతాయి. రెండు రకాలుగానూ తీయండి, అందని పాత భాగాన్ని స్క్రీన్‌షాట్లు తీసుకోండి. ఫోన్‌లోకి డౌన్‌లోడ్ కాని ఆడియో ఎక్స్‌పోర్ట్‌లో రాదు, పైకి వెళ్ళి ఒక్కొక్కటీ నొక్కాలి. వచ్చిన టెక్స్ట్ ఫైల్లో తెలుగు గీతలుగా కనిపిస్తే ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8కి మార్చండి. డిసప్పియరింగ్ మెసేజెస్ (గడువు కాగానే మెసేజీలు వాటంతటవే చెరిగిపోయే సెట్టింగు) ఆన్‌లో ఉందేమో కూడా చూడండి. ఇప్పుడు ఆఫ్ చేసినా పాత మెసేజీలు వాటి గడువుకి పోతూనే ఉంటాయి, కాబట్టి వాటిని ఒక్కొక్కటిగా నొక్కిపట్టి "కీప్" చేయాలి.

జీమెయిల్‌లో ఆయన చిరునామాకి ఫిల్టర్ పెట్టి, వచ్చినవీ పంపినవీ అన్నిటికీ ఒకే లేబుల్ తగిలించండి. తర్వాత గూగుల్ టేకౌట్‌లో (మన ఖాతాలోని సమాచారం దించుకునే గూగుల్ సేవ) ఆ లేబుల్ ఒక్కటే ఎంచుకుని దించుకోండి. మెయిళ్ళన్నీ కలిపి ఒకే ఎంబాక్స్ (mbox) ఫైలుగా వస్తుంది. దించుకునే లింకు సుమారు వారం రోజులే పనిచేస్తుంది. ట్రాష్ కూడా ఓసారి చూడండి, అందులోవి 30 రోజులకు చెరిగిపోతాయి.

అందరూ మరిచేది, ఆయన షేర్ చేసిన గూగుల్ డాక్యుమెంట్లు. మెయిళ్ళకు మీ దగ్గర మీ ప్రతి ఉంటుంది. డాక్యుమెంట్లు మాత్రం ఆయన ఖాతావి. రెండేళ్ళు ఎవరూ తెరవని ఖాతాను గూగుల్ తీసేయవచ్చు, దాంతో అవీ పోతాయి. "మేక్ ఎ కాపీ" కొట్టి మీ డ్రైవ్‌లో పెట్టుకోండి.

మెసెంజర్ సమాచారం దించేటప్పుడు ఫైలు రకం అడుగుతుంది: జేసాన్ (JSON) వద్దు, హెచ్‌టీఎమ్‌ఎల్ (HTML) ఎంచుకోండి. జేసాన్‌లో తెలుగు అక్షరాలు చెడిపోయి వస్తాయి. అన్నీ అయ్యాక రెండు చోట్ల దాచండి, ఒకటి ఫోన్ కాకుండా.

శారద:
రాయొచ్చు, రాయాలి కూడా. తమ్ముడికి, ప్రైవేట్ మెసేజీగా. స్నేహితుల జాబితాలో లేనివాళ్ళ మెసేజీలు వేరే పెట్టెలో పడి నెలల తరబడి కనబడవు కనుక, తమ్ముడు పెట్టిన పోస్టు కింద "మీకొక మెసేజ్ పంపాను" అని ఒక్క వాక్యం వదలండి.

పది పన్నెండు వాక్యాలు దాటొద్దు. మీరెవరో, ఎలా పరిచయమో, ఎన్నాళ్ళుగానో మొదటి రెండు వాక్యాల్లోనే చెప్పండి, లేదంటే మోసగాళ్ళనుకుంటారు. తర్వాత వాళ్ళకు తెలిసే అవకాశం లేని ఒక నిర్దిష్టమైన సంగతి: ఏ పుస్తకం గురించి వాదించేవారు, మీ రాతలో ఏం దిద్దేవారు, ఇంటివాళ్ళ గురించి ఎంత ప్రేమగా రాసేవారు. "చాలా మంచివారు" అని అందరూ రాస్తారు, అది నిలవదు. ఎలా పోయారని అడగొద్దు, ఏ ప్రశ్నా వద్దు. "జవాబు రాయనక్కర్లేదు" అని చెప్పి ముగించండి. చాట్ స్క్రీన్‌షాట్లు జత చేయొద్దు.

స్మారక ఖాతా సంగతి: మరణానికి ఆధారం చూపి స్నేహితులు కూడా అడగొచ్చు. కానీ మీరు అడగకండి. స్మారకంగా మారిన ఖాతాలోకి పాస్‌వర్డ్ ఉన్నా ఎవరూ వెళ్ళలేరు. తమ్ముడు బహుశా అన్న ఖాతాలోంచే కబురు పెట్టి ఉంటారు. ఇంటివాళ్ళు ఫొటోలు దించుకోకముందే మీరు తలుపు వేసినట్టవుతుంది.

టపా:
నీలిసిరా గారికి తమ్ముడి కబురుంది కాబట్టి సరే. తర్వాత వచ్చి చదివేవాళ్ళకోసం: మూడో మనిషి ద్వారా వచ్చిన వార్తయితే కుటుంబసభ్యుల ప్రకటనో, తెలిసినవాళ్ళ నోటిమాటో ఒకటి సరిచూసుకోండి. 2001లో కేసీ నికోల్ అనే క్యాన్సర్ రోగి చనిపోయిందని ఇంటర్నెట్‌లో ఎంతోమంది ఏడ్చాక, అసలు అలాంటి మనిషే లేదని తేలింది. అంత్యక్రియల ఖర్చులకంటూ లింకు వస్తే ఇంటివాళ్ళను అడక్కుండా డబ్బు వేయొద్దు.

నీలిసిరా:
అందరికీ కృతజ్ఞతలు. టేకౌట్ మొదలుపెట్టాను. ఇంట్లో చెప్పని విషయాలు కొన్ని ఆయన నాకు రాసేవారు. రేపు తమ్ముడు ఆ ఉత్తరాలన్నీ చూపించమంటే?

శారద:
అన్నీ ఇవ్వాల్సిన పని లేదు. ఆయన మిమ్మల్ని నమ్మి చెప్పినవి ఆయన పోయినంత మాత్రాన బయటపెట్టేవి కావు. ఇవ్వదగ్గవి ఏరి, వేరే ఫైలుగా పంపండి. ఏరానన్న మాట దాచొద్దు. "కొన్ని నాకు మాత్రమే రాసినవి" అంటే చాలు. ఇక ప్రచురణ: మీకొచ్చిన ఉత్తరం దాచుకునే హక్కు మీది, దాన్ని అచ్చువేసే హక్కు సాధారణంగా రాసినవారిది, వారి తర్వాత వారసులది. ఆయన వాక్యాలు మీ బ్లాగులో పెట్టాలనిపిస్తే ముందు అడగండి.

వెన్నెల77:
ఏడుపు గురించి. లోకం గుర్తించని ఇలాంటి దుఃఖం గురించి, దుఃఖాన్ని అధ్యయనం చేసే కెన్నెత్ డోకా 1989లోనే "డిసెన్‌ఫ్రాంచైజ్డ్ గ్రీఫ్" అన్న పేరుతో రాశాడు. బంధువు కాకపోతే, ఆ అనుబంధం నలుగురికీ కనబడకపోతే, ఏడ్చే హక్కే లేనట్టు చూస్తారు. నార్వేలో మాట్స్ స్టీన్ అనే కుర్రాడు కండరాల క్షీణత జబ్బుతో 2014లో పోయాడు. వాడికి స్నేహితులే లేరనుకున్నారు తల్లిదండ్రులు. కబురు అతని బ్లాగులో పెట్టాక, ఆన్‌లైన్ ఆటలో తోడున్నవాళ్ళ నుంచి ఉత్తరాలు వచ్చిపడ్డాయి. కొందరు వేరే దేశాల నుంచి అంత్యక్రియలకు వచ్చారు కూడా. మిమ్మల్ని అంటున్నవాళ్ళతో వాదన పెట్టుకోకండి. "రోజూ మాట్లాడుకునేవాళ్ళం, ఆయన పోయారు" అనండి. చూశారా లేదా అన్న చర్చలోకి దిగితే మీరే అలసిపోతారు.

కష్టంగా ఉండేది ఉత్తరం వచ్చే వేళ. ఆయనకు చెప్పాలనిపించినవి రాసుకోండి, అయితే "టు" గడి ఖాళీగా ఉంచి డ్రాఫ్ట్‌గా, లేదా కాగితం మీద. పాత ఉత్తరాలన్నీ ఒక్క రాత్రిలో చదివేయాలని చూడకండి, ఏదో ఒక ఏడాదివి తీసి ఆపండి. ఏడాది గడిచినా తిండి, నిద్ర, పని దారికి రాకపోతే కౌన్సెలర్‌ను కలవండి. అసలు బతకాలనిపించకపోతే ఒక్క రోజు కూడా ఆగకుండా వెంటనే వెళ్ళి కలవండి.

మరొకటి, ఆయన పుట్టినరోజు. ప్రొఫైల్ స్మారకంగా మారితే ఫేస్‌బుక్ గుర్తుచేయడం ఆపుతుంది. మీ ఫోన్ కాంటాక్ట్‌లో తేదీ ఉంటే క్యాలెండర్ మాత్రం మోగిస్తూనే ఉంటుంది. మోగాలో వద్దో ఇప్పుడే తేల్చుకుని, వద్దనుకుంటే తేదీ ఒక్కటి తీసేయండి, కాంటాక్ట్ మొత్తం చెరపకండి. పేరు పోతే పాత చాట్ మీద ఉత్త నంబరు మిగులుతుంది.