ఉగాది పుస్తక ప్రదర్శన: సీమ రచయితల సంతకాల ప్రతుల సేకరణ

కడప సమన్వయకర్త:

మెల్‌బోర్న్ సంఘం మిత్రులకు, కర్నూలు, అనంతపురం బాధ్యులకు నమస్కారం. ఉగాది సభలో ఏర్పాటు చేస్తున్న ప్రదర్శనకు సీమ రచయితల సంతకాలున్న పుస్తకాలను సేకరించే పని మన మూడు ఊళ్లకూ అప్పగించారు గనుక, ఎవరి గడపా తొక్కక ముందే కొన్ని సంగతులు తేల్చుకోవడం మంచిదని ఇది రాస్తున్నాను.

మీరు పంపిన జాబితా కింద "రచయితలను అడిగి ఉచితంగా తెప్పించగలరు" అన్న వాక్యం ఒకటి ఉంది. దాన్ని దయచేసి కొట్టివేయండి. మన వైపు కథలూ కవితలూ రాసేవారిలో చాలామంది సొంత డబ్బుతో పుస్తకం అచ్చు వేయించుకుని, ఐదు వందలో వెయ్యో ప్రతులు ఇంట్లోనే పెట్టుకుని, వచ్చినవారికల్లా కాఫీతో పాటు ఒక ప్రతి కూడా సంతకం చేసి ఇచ్చి పంపుతుంటారు. మనం అడిగితే వారు కాదనరు; కాదనలేరు గనుకనే అడగకూడదు. వెనుక అట్ట మీద ఉన్న పూర్తి ధర చెల్లించి, ఆ తరువాతే సంతకం కోరాలని, రచయిత డబ్బు తీసుకోవడానికి ఒప్పుకోకపోతే అదే ధరకు మరో రెండు ప్రతులు కొని ఆ ఊరి శాఖా గ్రంథాలయానికి ఇవ్వాలని నా ప్రతిపాదన.

ఇక పుస్తకంలో ఏం రాయించుకోవాలన్నది. సంతకాల పుస్తకాలు కొని అమ్మేవారు వట్టి సంతకాన్నే ఇష్టపడతారు, ఎందుకంటే ముక్కూమొహం తెలియని ఒకరి పేరు మీద "ప్రేమతో" అని రాసి ఉంటే కొనేవారు వెనుకాడతారు; ఆ పేరు సాటి రచయితదో, పీఠిక రాసినవారిదో అయితే మాత్రం ధర తిరగబడి పెరుగుతుంది. మనది అమ్మకం కాదు. ప్రదర్శన ముగిశాక ఇవన్నీ సంఘం గ్రంథాలయానికే చేరతాయి కాబట్టి, "మెల్‌బోర్న్ తెలుగు పాఠకులకు" అని రచయిత చేతిరాతతోనే ఒక వాక్యం, ఊరి పేరు, తేదీ, ఆ కింద సంతకం ఉండాలి. చేయి వణికే పెద్దవారిని వాక్యం కోసం ఇబ్బంది పెట్టవద్దు. పొడి అక్షరాలు రెండు రాసి ఇచ్చినా మహాప్రసాదమే.

జాబితాలో 'శప్తభూమి', 'కొండపొలం' ముందు వరుసలో ఉన్నాయి. రెండూ అమెరికాలోని తెలుగువారి సంఘమైన తానా నడిపే నవలల పోటీలో బహుమతి పొందినవి, మొదటిదానికి 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం కూడా వచ్చింది, కాబట్టి విదేశాల్లోని పాఠకులకు వాటి పేర్లు ముందుగా తట్టడం సహజమే. అయితే దుకాణాల్లో దొరికే నవలకు సంతకం ఎప్పుడైనా పెట్టించుకోవచ్చు. ఒకే ఒక్క ముద్రణతో ఆగిపోయి, మిగిలిన ప్రతులన్నీ రచయిత ఇంటి అటక మీదే ఉన్న కథల సంపుటాల కోసం ముందు వెళ్లాలని నాకు అనిపిస్తుంది.

మెల్‌బోర్న్ ప్రదర్శన బాధ్యురాలు:

సార్, ఆ వాక్యాన్ని తీసేశాను. పూర్తి ధర చెల్లించడానికి కార్యవర్గం కూడా ఒప్పుకుంది. నావి రెండు ప్రశ్నలు. కొన్ని ప్రతులను సభలో వేలం వేసి, వచ్చిన డబ్బును పిల్లల తెలుగు బడికి వాడుకుందామని ఇక్కడ కొందరు అంటున్నారు, మీ అభిప్రాయం చెప్పగలరు. రెండవది, ఈ మధ్య కాలంలో మనకు దూరమైన పెద్దల సంతకాలు దొరికే మార్గం ఏదైనా ఉందా?

కడప సమన్వయకర్త:

అమ్మా, వేలం తప్పు కాదు గాని, పాఠకుల కోసమని చెప్పి చేయించుకున్న సంతకాన్ని వేలానికి పెట్టడం తప్పు. వేలానికి కావలసిన ప్రతులను విడిగా కొని, సంగతి ముందే చెప్పి, వాటి మీద వట్టి సంతకం మాత్రమే తీసుకుందాం.

మన సీమ కథకులు సింగమనేని నారాయణ గారు 2021లోనూ, కేతు విశ్వనాథరెడ్డి గారు 2023లోనూ వెళ్లిపోయారు. అటువంటివారి సంతకాలు ఇప్పుడు మిత్రుల బీరువాల్లోనూ శిష్యుల ఇళ్లలోనూ ఉన్న ప్రతుల్లోనే దొరుకుతాయి. వాటిని శాశ్వతంగా అడగడం భావ్యం కాదు. ఆ పేజీని ఫొటో తీసి, పెద్దదిగా అచ్చు వేయించి, ప్రతి ఎవరి దగ్గర ఉందో వారి అనుమతితో కింద రాస్తే ప్రదర్శనకు చాలు. పాత పుస్తకాల బండి మీద దొరికినవాటితో జాగ్రత్త పడాలి. మన పుస్తకాల్లో ముందుమాట చివర రచయిత సంతకాన్ని బ్లాకు చేసి అచ్చు వేయడం ఎప్పటినుంచో ఉన్న అలవాటు. దాన్నే అసలు సంతకమని నమ్మి మురిసిపోయేవారు లేకపోలేదు. పేజీని వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుని, కలం ఒత్తిన గాడి వెనుక వైపు తడుముకుంటే సాధారణంగా తేడా తెలిసిపోతుంది.

అనంతపురం బాధ్యుడు:

సార్, కలం గురించి ఒక మాట చేర్చుతున్నాను. మన పుస్తకాల లోపలి పేజీలు ఎక్కువగా మాప్లితో, అంటే నునుపు పూత లేని కాగితం కాబట్టి నల్లటి జెల్ పెన్ను చక్కగా పట్టుకుంటుంది. అట్ట లోపలి వైపు నున్నగా ఉంటుంది గనుక అక్కడ సిరా ఆరక ముందే మూస్తే ఎదుటి పేజీకి అంటుకుంటుంది. అందువల్ల పుస్తకం పేరూ ప్రచురణకర్త పేరూ ఉండే లోపలి పేజీ మీదనే సంతకం చేయించి, కాసేపు తెరిచే ఉంచాలి. సంతకం మీద సెలోటేపు గాని లామినేషన్ గాని ఎవరూ వేయవద్దు. టేపు జిగురు ఏళ్లు గడిచే కొద్దీ పసుపు మరకగా దిగుతుంది.

పెట్టెలన్నీ కడపలో పోగుచేద్దామని మొదట అనుకున్నాం గాని, మన ప్రయాణికులు ఎక్కేది బెంగళూరు విమానాశ్రయంలో. అది ఉన్న దేవనహళ్లి అనంతపురం వైపే, 44వ నంబరు జాతీయ రహదారికి దగ్గరలో ఉంది. కర్నూలు నుంచి వచ్చేవారికీ అదే దారి. కాబట్టి అనంతపురంలో పోగుచేసి, తూకం వేసి, ఇక్కడి నుంచే పంపడం సులువు. హిందూపురం వైపు రచయితల ప్రతులు మాత్రం అనంతపురం రానవసరం లేకుండా వెళ్లేటప్పుడే తీసుకోవచ్చు.

కర్నూలు బాధ్యురాలు:

ఇక్కడ పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు ఒకరు తమ తండ్రిగారి పుస్తకాలను చూపించారు. స్వాతంత్ర్యానికి ముందు అచ్చయినవి కొన్ని ఉన్నాయి, వాటి మధ్యలో అప్పటి కవుల ఉత్తరాలు కూడా ఉన్నాయి. సంఘానికి సంతోషంగా ఇచ్చేస్తామంటున్నారు. తీసుకోవచ్చునా సార్?

కడప సమన్వయకర్త:

తీసుకుని దేశం దాటించడానికి మాత్రం వీల్లేదమ్మా. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం సాహిత్య విలువ గల చేతిరాత పత్రాలకు డెబ్బై ఐదేళ్లు నిండితే అవి పురావస్తువుల కిందికే వస్తాయి. వాటిని ఎవరికి వారు ఎగుమతి చేయడం నేరం. ఆ ఉత్తరాలకు ఆ వయస్సు దాటింది. వాటి విలువ తెలిసిన చోటు కడపలోనే ఉంది. బ్రౌన్ దొర నివసించిన స్థలంలో వెలసిన సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం వారిని సంప్రదించమని ఆ కుటుంబానికి చెప్పండి. వారు అనుమతిస్తే మనకు ఫొటోలు చాలు.

మెల్‌బోర్న్ ప్రదర్శన బాధ్యురాలు:

పెట్టెలు కట్టేవారికి ఒక విన్నపం. పురుగు పట్టకుండా పేజీల మధ్య వేపాకు పెట్టే అలవాటు మా ఇంట్లోనూ ఉంది, కాని ఆస్ట్రేలియా విమానాశ్రయంలో ఆకు, గింజ, ఈక ఏదైనా తప్పక చూపించి చెప్పాలి, చెప్పకపోతే జరిమానా. ప్రతి పుస్తకాన్నీ తలకిందులుగా పట్టుకుని ఒకసారి దులపండి. నెమలీకలు దాచుకున్నవారు ఉంటే వాటిని ఇంట్లోనే ఉంచమనండి. మన దేశం నుంచి వాటి ఎగుమతికే నిషేధం ఉంది. వరిగడ్డి వద్దు, శుభ్రమైన కొత్త అట్టపెట్టెలు వాడండి. పుస్తకాల జాబితా, చెల్లించిన ధరలు, రసీదులు పై పెట్టెలో ఉంటే కస్టమ్స్ వారికి చూపించడం తేలిక.

అనంతపురం బాధ్యుడు:

అలాగే అక్కా. సిలికా జెల్ పొట్లాలు నేను కొంటాను. కర్నూలు వారు ఆ పాత పుస్తకాలూ ఉత్తరాలూ మినహా మిగతా ప్రతులను సంక్రాంతి లోపు నాకు చేర్చగలరు. సార్, కడప, ప్రొద్దుటూరు రచయితల ఇళ్లకు వెళ్లేటప్పుడు ఖర్చుల చిట్టా విడిగా రాయండి. పుస్తకాల డబ్బులో అది కలిస్తే లెక్క తేలదు.