వేడి తేడాలకు పలుచటి ద్రవపు పొర ఎందుకు చీలుతుంది?

ప్రశ్న (నల్లగొండ)
నేను డిగ్రీ విద్యార్థులకు భౌతికశాస్త్రం బోధిస్తాను. స్టీలు పళ్లెంలో మిల్లీమీటరుకన్నా తక్కువ మందంగా పల్లినూనె పరిచి, అడుగున నడిమధ్య కొవ్వొత్తి పెడితే, నూనె అంచులకు జరిగి మధ్యలో పళ్లెం దాదాపు బయటపడుతుంది. ఇది తలతన్యత (ద్రవపు పైతలం సాగదీసిన పొరలా ముడుచుకోవాలని లాగే బలం) వల్లనేనని తెలుసు. అయితే దేవరకొండ వైపు పత్తి చేలలో మందు కొట్టేవారు, ఫ్యాన్ నాజిల్ నుంచి విసనకర్రలా పరుచుకునే నీటి పొర ఉదయంకన్నా మిట్టమధ్యాహ్నం త్వరగా తుంపరలవుతోందని చెబుతున్నారు. రెండింటికీ కారణం ఒకటేనా?

జవాబు (మహబూబ్‌నగర్)
సార్, పళ్లెం విషయంలో మీరు అనుకున్నది సరైనదే. ద్రవం వేడెక్కినకొద్దీ తలతన్యత తగ్గుతుంది. వేడి మధ్యభాగంకన్నా చల్లని అంచు బలంగా లాగుతుంది కనుక, పైతలం తన కింది నూనెను కూడా అటువైపు ఈడ్చుకుపోతుంది. పలచబడిన చోట పైతలం వేడి పళ్లేనికి మరింత దగ్గరై ఇంకా వేడెక్కుతుంది కాబట్టి, ఒకసారి మొదలైన గుంత తనంతట తానే లోతవుతుంది. దాన్ని పూడ్చాలని చూసేది ప్రధానంగా గురుత్వాకర్షణ. పొర పలచబడేకొద్దీ దాని పట్టు సడలుతుంది. చెక్ శాస్త్రవేత్తలు 2021లో పొద్దుతిరుగుడు నూనెతో ఇదే పరిశీలించి, పెనం నడుమ వంట అంటుకుపోవడానికి కారణంగా చూపారు. ఈ ప్రయోగాన్ని నీటితో చేయకపోవడమే మంచిది. నీటిపై కంటికి కనిపించని జిడ్డు చేరినా ఈ ప్రవాహం ఆగిపోవచ్చు.

జవాబు (వనపర్తి)
ఇక్కడ నిర్ణయించేది వేడి కాదు, వేడిలోని తేడా, అది ఏ దిశలో ఉందన్నది. పొర అంతటా ఒకే వేడి ఉంటే పక్కకు లాగే బలమే పుట్టదు. పైనుంచి సమంగా వేడి తగిలితే ఉబ్బిన చోటే ఎక్కువ వేడెక్కి, ద్రవం అక్కడి నుంచి పల్లానికి జారుతుంది. అంటే పొర నిలదొక్కుకుంటుంది. అడుగునుంచి వేడెక్కే పలుచటి ద్రవపు పొరలో శాస్త్రవేత్త ఆన్రీ బెనార్ 1900లో చూసిన షడ్భుజాకార గడులను లార్డ్ రేలీ 1916లో వేడి ద్రవం తేలిక కావడంతో వివరించారు. తర్వాత 1956లో బ్లాక్, 1958లో పియర్సన్ చూపినదాని ప్రకారం, అంత పలుచటి పొరల్లో అసలు పని తలతన్యతదే. ఒకే ఉష్ణోగ్రతా భేదానికి తేలిక వల్ల కలిగే ప్రభావం లోతు ఘనానికి, తలతన్యత ప్రభావం లోతుకు మాత్రమే అనులోమంగా ఉంటాయి కదా!

జవాబు (సూర్యాపేట)
పళ్లేన్నీ నాజిల్‌నూ ఒకే గాటన కట్టకూడదు. నాజిల్ పొరకు ఆనుకునే పళ్లెం లేదు, రెండు వైపులా గాలే. అది కొన్ని మిల్లీసెకన్లలోనే తునిగిపోతుంది గనుక, ఎండ వల్ల పొరలోపల చెప్పుకోదగ్గ తేడా ఏర్పడే వ్యవధి ఉండదు. మారేది ట్యాంకులోని నీరంతా. 20 డిగ్రీల సెల్సియస్ నుంచి 40కి వెళ్తే తలతన్యత మీటరుకు 72.8 మిల్లీన్యూటన్ల నుంచి సుమారు 69.6కు, అంటే నాలుగైదు శాతమే తగ్గుతుంది. స్నిగ్ధత (పారడానికి అడ్డుపడే చిక్కదనం) మాత్రం మూడోవంతు పడిపోతుంది. అందువల్ల పొర మీది అలలు అణగడం తగ్గుతుంది. ఒకసారి రంధ్రం పడ్డాక దాని అంచు వెనక్కి తగ్గే వేగాన్ని టేలర్ 1959లో, క్యూలిక్ 1960లో లెక్కకట్టారు: తలతన్యతకు రెట్టింపును, సాంద్రత, మందాల లబ్ధంతో భాగించి వర్గమూలం తీయాలి. 10 మైక్రాన్ల నీటి పొరకు అది సెకనుకు దాదాపు 3.8 మీటర్లు. పై ఉష్ణోగ్రతా మార్పుతో ఈ వేగం రెండు శాతమే తగ్గుతుంది. మధ్యాహ్నపు గాలి పొరను ఊపడం, సన్నని తుంపరలు త్వరగా ఆవిరవడం కూడా ఆ రైతులు చూసిన తేడాలో ఉండవచ్చునని నా అభిప్రాయం.

ప్రశ్నించినవారు
ధన్యవాదాలండీ. మందు ఆకుకు అంటుకోవడానికి కలిపే జిగురు ఈ లెక్కను మారుస్తుందా?

జవాబు (సూర్యాపేట)
మారుస్తుంది, కానీ సబ్బు పొరలో మారినంతగా కాదు. సబ్బు పొర సాగిన చోట పైతలంలో సబ్బు అణువులు పలచబడి తలతన్యత పెరుగుతుంది, అది ద్రవాన్ని వెనక్కి లాగి పొరను కాపాడుతుంది. నాజిల్ దగ్గర కొత్త పైతలం పుట్టి చీలిపోయేలోగా ఆ అణువులు అక్కడికి పూర్తిగా చేరుకోలేకపోవచ్చు. మందులో నూనె బిందువులుంటే అవే పొరకు చిల్లులు పెడతాయి. కనుక రైతులు రెండు పూటలా ఒకే మందు, ఒకే జిగురు, ఒకే పీడనం వాడారో లేదో ముందు అడగండి.