విండోస్ 10కు మద్దతు ముగిసిన ఇంటి కంప్యూటర్‌లో లినక్స్ వేయడం సబబేనా?

పాతయంత్రం:
2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు మద్దతు (భద్రతా నవీకరణలు రావడం) ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా భాగం, ఆమోదిత జాబితాలోని ప్రాసెసర్ ఉండాలి కాబట్టి, నిక్షేపంలా పనిచేస్తున్న యంత్రాలెన్నో అర్హత కోల్పోయాయి. మా అమ్మగారి కంప్యూటర్ కూడా అలాంటిదే కావడంతో, దానికి ఒక ఎస్‌ఎస్‌డీ (వేగంగా పనిచేసే డిస్కు) అమర్చి, విండోస్‌కు బదులు వాడే ఉచిత నిర్వాహక వ్యవస్థ లినక్స్‌లో ఒక రకమైన లినక్స్ మింట్ వేశాను. ఉత్తరాలు, బ్యాంకు పనులు, ఫొటోలు తప్ప ఆమెకు వేరే అవసరం లేదు, అవన్నీ బ్రౌజరులోనే జరిగిపోతాయి. ఇలాంటి యంత్రాన్ని మూలన పడేయమనడం అన్యాయమని నా వాదన.

లెక్కలపద్దు:
అందరి పనీ బ్రౌజరులోనే తెములుతుందని మీరు ముందే అనుకుని మాట్లాడుతున్నారు. నిరుడు ఒక మిత్రుని మాట విని నేనూ లినక్స్ వేయించుకున్నాను. ఆనాటి నుంచి నా స్కానర్‌లో గాజుపలక కింద దీపం వెలిగేది, లోపలి పట్టీ బెత్తెడు దూరం కదిలి ఆగిపోయేది, తెర మీద మాత్రం బూడిదరంగు పేజీ తప్ప ఏమీ వచ్చేది కాదు. తయారీ సంస్థ లినక్స్‌కు డ్రైవరే (పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) ఇవ్వలేదు. పద్దుల ప్రోగ్రాము, విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌లో నడిపే వైన్ సాయంతో తెరుచుకుంది గాని, ప్రింట్ నొక్కగానే మూసుకుపోయేది. మూడు వారాల పని పాడయ్యాక మళ్లీ విండోస్‌కే వచ్చాను.

పాతయంత్రం:
స్కానర్ సంగతి మీరు చెప్పినంత ఏకపక్షంగా లేదు. లినక్స్‌లో స్కానర్లను నడిపేది సేన్ అనే వ్యవస్థ, తయారీదారు వదిలేసిన పాత స్కానర్లు కొన్ని దాని వల్లనే ఇంకా పనిచేస్తున్నాయి. నా దగ్గరున్న స్కానర్‌కు కొత్త విండోస్‌లో డ్రైవరు దొరకలేదు, లినక్స్‌లో మాత్రం తగిలించగానే పనిచేసింది. మీరు డిస్కు చెరపక ముందే లైవ్ యూఎస్‌బీతో (పెన్‌డ్రైవ్ నుంచే లినక్స్ నడిపి) ఒక పూట పరీక్షించి ఉంటే ఈ నష్టం తప్పేది.

హైకూ_పక్షం:
ప్రత్యామ్నాయం అనగానే లినక్స్ ఒక్కటే గుర్తుకు రావడం బాధగా ఉంది. బీఓఎస్ అనే పాత నిర్వాహక వ్యవస్థ వారసత్వంతో 2001లో మొదలైన హైకూ, పాత యంత్రాల మీద కూడా చురుకుగా నడుస్తుంది. 2024 సెప్టెంబరులో దాని ఐదవ బీటా (పరీక్షా రూపం) వచ్చింది.

గమనిక (చర్చలో మరొకరు):
స్కానర్ మోడల్ చెబితే సేన్ జాబితాలో ఉందో లేదో చూసి చెబుతాను.

లెక్కలపద్దు:
మోడల్ చెప్పి ప్రయోజనం లేదు, దాన్ని ఎప్పుడో వదిలించుకున్నాను. పాతయంత్రం గారూ, నా మూడు వారాలు పోయాయంటే పరీక్షించకపోవడం నా తప్పని తేల్చారు. లినక్స్ వాదులందరి దగ్గరా నాకు ఎదురైనది ఇదే: యంత్రం పనిచేస్తే ఘనత లినక్స్‌ది, చేయకపోతే తప్పు వాడేవాడిది.

పాతయంత్రం:
నేర్చుకునే ఓపిక లేనివారు వ్యవస్థను నిందించడం కూడా నేను చాలాసార్లు చూశాను.

లెక్కలపద్దు:
అయితే సూటిగా అడుగుతాను. ఆ లినక్స్ కావాలని మీ అమ్మగారు అడిగారా? మీరు పక్కన లేనప్పుడు అది మొరాయిస్తే ఆమె ఎవరిని పిలవాలి?

పాతయంత్రం:
కిందటి మాట తొందరపడి అన్నాను, మన్నించండి. ఆమె అడగలేదు, నేనే నిర్ణయించాను. ఒకసారి నవీకరణ తరువాత వైఫై మాయమైంది. ఆ డ్రైవరు కెర్నల్‌లో (లినక్స్ మూలభాగంలో) భాగం కాదు, నేను విడిగా కంపైల్ చేసి (మూలకోడ్ నుంచి తయారుచేసి) పెట్టినది, కొత్త కెర్నల్ వచ్చినప్పుడు మళ్లీ కంపైల్ కాలేదు. ఫోనులో ఆదేశాన్ని ఒక్కొక్క అక్షరమే చెబుతుంటే, "రెండు అడ్డగీతలూ కలిపి కొట్టాలా, మధ్యలో ఖాళీ వదలాలా?" అని ఆమె మూడుసార్లు అడిగింది. అయితే విండోస్ కూడా ఆమె కోరి తెచ్చుకున్నది కాదు, యంత్రంతో పాటు వచ్చింది. దాన్ని నిర్ణయం అనకుండా, నేను చేసినదాన్నే నిర్ణయం అనడం నాకు న్యాయంగా తోచడం లేదు.

లెక్కలపద్దు:
క్షమాపణ ఎందుకులెండి, నేనూ గొంతు పెంచాను. మీరన్నది నిజమే, విండోస్‌ను నేనూ ఎంచుకోలేదు. కాని అది చెడిపోతే బాగుచేయగలవారు నాకు ఎక్కడైనా దొరుకుతారు, మీరు వేసినదాన్ని బాగుచేయడానికి ఆమెకు మీరొక్కరే దిక్కు. స్కానర్ పోయినందుకు కాదు నా బాధ. వేయించిన మిత్రుడు రెండో వారం నుంచి ఫోను ఎత్తలేదు.

పాతయంత్రం:
ఆ మాట మొదటే చెప్పి ఉంటే స్కానర్ గురించి ఇంత రాసేవాడిని కాదు. మింట్‌లో టైమ్‌షిఫ్ట్ ఉంది, నవీకరణకు ముందున్న స్థితికి వెనక్కి వెళ్లవచ్చు. కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు వచ్చే బూట్ మెనూలో పాత కెర్నల్‌ను ఎంచుకునే పద్ధతిని కూడా కాగితం మీద రాసి మానిటర్ పక్కన అంటించాను.

లెక్కలపద్దు:
మంచి పని చేశారు. మీరు పక్కన లేకుండా, ఆ కాగితం చూసుకుంటూ ఆమె ఒక్కసారైనా సొంతంగా చేసి చూశారా?

పాతయంత్రం:
లేదు. ఈసారి వెళ్లినప్పుడు చేయించి చూస్తాను. ఆమెకు కుదరకపోతే పాత డిస్కు ఇంకా నా దగ్గరే ఉంది, ఏది ఉంచాలో ఆమెనే అడుగుతాను.