అమ్మ ఇచ్చిన పొట్టి బీర గింజలు పంచాలని ఉంది, ధైర్యంగా ఇవ్వచ్చా?

నిజాంపేట మిద్దె:

అందరికీ నమస్కారం. మా అమ్మ వాళ్ళది రేపల్లె దగ్గర పల్లెటూరు. మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు చిన్న గుడ్డమూట నా చేతిలో పెట్టింది. విప్పితే బూడిదలో పదకొండు బీర గింజలు. "మన పొట్టి బీర. పోగొట్టకు" అంది. ఆ కాయ జానెడు కూడా ఉండదు. నడుము దగ్గర లావుగా, ఈనెలు గట్టిగా ఉంటాయి. కూర సంగతి అలా ఉంచి, ఆ పొట్టుతో చేసిన పచ్చడి తింటే ఇంకే బీరకాయా నచ్చదు.

నాలుగు గింజలు పెయింట్ డబ్బాల్లో పెట్టాను, రెండు మొలిచాయి. మిగతా ఏడూ అలాగే బూడిదలో దాచాను. ఉగాదికి పిందె పట్టిన మొదటి కాయను విత్తనానికని తీగ మీదే వదిలేశాను. రెండు నెలలకి అది గోధుమరంగు తిరిగి, కాగితంలా తేలికైపోయింది. నిన్న పొద్దున నీళ్ళు పోస్తుంటే గాలికి గలగలమంది. కోద్దామని పట్టుకున్నానో లేదో, కింద మొన దగ్గర చిన్న మూత లాంటిది ఊడి నా అరచేతిలో పడింది. దాని వెనకే నల్లటి గింజలు జలజలా రాలాయి. ఎవరూ కోయకపోయినా ఆ కాయ తన తలుపు తనే తీసుకుంటుందని నలభై ఆరేళ్ళు వచ్చేదాకా నాకు తెలీదు. నేల మీద కూర్చుని ఒక్కొక్కటే ఏరాను. నూట పద్నాలుగు!

ఇప్పుడు నా టెన్షన్ ఏంటంటే, మా కాలనీ పార్కులో ఆదివారం గింజలు పంచుకుంటాం. కిందటేడు అక్కడే "నాటు సొర" అని రాసిన పొట్లం తెచ్చుకుని మూడు నెలలు పెంచాను. మొదటి కాయ కూర నోట్లో పెట్టగానే ఒకటే చేదు. తీగ మొత్తం పీకేశాను. ఇచ్చినావిడ తప్పేం లేదు, ఆవిడకీ తెలీదు. కానీ ఆ మూడు నెలల ఆశ పోయిన బాధ నాకు తెలుసు. ఇంకొకరికి అది నా చేతుల మీదుగా జరగకూడదు. మా పక్క మిద్దె మీద నేతిబీర ఉంది. నా గింజలు దాంతో కలిసిపోయి ఉంటాయా? ఈ నూట పద్నాలుగు పంచచ్చా?

విత్తనాల మనిషి, ఏలూరు:

అమ్మా, విత్తన క్షేత్రాల తనిఖీలోనే నా ఉద్యోగమంతా గడిచింది. మీ అనుమానం సరైనదే. బీర, నేతిబీర దగ్గరి చుట్టాలు, కలుస్తాయి. అయితే బీర పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, నేతిబీర పొద్దున. అందుకని కలిసే అవకాశం తక్కువ. కానీ సాయంత్రం విచ్చిన పువ్వు మర్నాడు పొద్దుటికీ వాడదు, తేనెటీగ ఊరుకోదు. కాబట్టి అసలు లేదని చెప్పను. కలిసిన గింజైతే వచ్చే కాయకి ఈనెలు పల్చబడతాయి.

నేతిబీర కంటే ముందు చూడాల్సింది వెర్రిబీర. ఖాళీ స్థలాల కంచెల మీద తనంతట తనే అల్లుకుంటుంది. అదీ బీర జాతే, అదీ సాయంత్రమే పూస్తుంది. దాని పుప్పొడి పడితే మీ తీగకు ఈ ఏడు కాసే కాయ మామూలుగానే ఉంటుంది. ఆ గింజ నాటినవాళ్ళకి చేదు కాస్తుంది. మీ సొరకీ ఇలాంటిదే జరిగి ఉండచ్చు. ఆ చేదు ఉడికించినా పోదు, మనిషిని ఆసుపత్రి పాలు చేస్తుంది. అందుకే మన పెద్దవాళ్ళు సొర, బీర, దోస తరిగేటప్పుడు మొన కోసి నాలుకకి అద్ది చూసేవారు. ఆ అలవాటు మానకండి.

సర్టిఫైడ్ విత్తనానికి ఈ తీగజాతుల్లో రెండు రకాల మధ్య 500 మీటర్ల దూరం అడుగుతారు. మిద్దె మీద అది కుదిరే పని కాదు, దారం ముక్క చాలు. అమ్మ ఇచ్చిన ఆ ఏడు గింజలూ మృగశిరలో పెట్టండి. పూత మొదలయ్యాక సాయంత్రం నాలుగింటికి మిద్దె ఎక్కండి. ఆ పూట విచ్చుకోబోయే మొగ్గ పసుపు తిరిగి ఉబ్బుగా ఉంటుంది. కింద వేలెడు పిందె ఉంటే ఆడది, గుత్తిగా వచ్చేవి మగవి. రెండిటి మొగ్గల కొసలూ దారంతో వదులుగా కట్టేయండి. చీకటి పడేముందు విప్పి, మగ పువ్వు కోసి రెక్కలు తీసేసి, ఆడ పువ్వు నడిమధ్యన నెమ్మదిగా అద్దండి. మళ్ళీ కట్టేయండి. ఆ కాడకి ఎర్ర దారం కట్టండి, గుర్తుకి. మగ పువ్వు వేరే మొక్కదైతే మరీ మంచిది.

ఉన్న నూట పద్నాలుగూ పారేయకండి. "పక్కన నేతిబీర ఉంది, దారం కట్టలేదు" అని పొట్లం మీద రాసి ఇవ్వండి. తెలిసి తీసుకుంటే ఎవరికీ అన్యాయం జరగదు.

ఇంకో మాట. ఒకటి రెండు మొక్కల నుంచే ఏళ్ళ తరబడి విత్తనం తీస్తే రకం ఇరుకైపోతుంది. నాలుగిళ్ళలో పెరిగి, గింజలు మళ్ళీ కలిస్తేనే బలం. మీరు పంచడం మీ బీరకే మంచిది.

పస్తాపూర్ పక్కూరు:

అక్కా, మాది జహీరాబాద్ దిక్కు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలకు 2019లో ఐక్యరాజ్యసమితి వాళ్ళ ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది గదా, మా అమ్మ ఆ సంఘంలోనే ఉంటది. పాత పంటల జాతరప్పుడు ఎడ్లబండ్ల మీద ఇత్తనాలు ఊరూరా తిరుగుతయి. సంఘంల ఇత్తనం తీసుకున్నోళ్ళు పంట వచ్చినంక కొంచెం ఎక్కువ కలిపి తిరిగి ఇస్తరు. మీ పొట్లాల మీద కూడా అట్లనే రాయండి, "కాసినంక గింజలు వాపస్ తేండి" అని.

మా అమ్మ ఇత్తనం ఇచ్చేముందు పది గింజలు తడిగుడ్డల కట్టి, కుండ పక్కన పెడతది. ఎన్ని మొలిస్తే అన్ని నోటితో చెప్పి ఇస్తది. వెదురుబుట్టను ఎర్రమట్టి, పేడతోని అలికి, ఎండినంక గింజలు పోసి, మీద వేపాకు, బూడిద వేసి మూత అలుకుతది. మీరు సిటీల సీసా వాడినా గింజ మంచిగ ఎండాలె. పంటి కింద పెడితే సాగొద్దు, పటుక్కుమనాలె.

డాలస్ పెరడు:

అక్కా, ఆ పచ్చడి మాట చదివాక నోరూరింది. ఇక్కడ కొన్ని పబ్లిక్ లైబ్రరీల్లో పుస్తకాలతో పాటు గింజల పొట్లాలూ ఇస్తారు, కానీ మన పొట్టి బీర ఎక్కడ దొరుకుతుంది? వచ్చే నెల మా అత్తయ్య వస్తున్నారు, ఓ పది గింజలు ఆవిడ బ్యాగులో పెట్టి పంపుతారా?

విత్తనాల మనిషి, ఏలూరు:

వద్దు బాబూ. పరాయి దేశానికి గింజ వెళ్ళాలంటే కాగితాలుండాలి. చిన్న మొత్తాలకి అక్కడి వ్యవసాయ శాఖ పర్మిట్ ఇస్తుంది, ముందు దానికి దరఖాస్తు పెట్టండి. విమానాశ్రయంలో పెద్దావిడని ఇబ్బంది పెట్టకండి.

నిజాంపేట మిద్దె:

అందరికీ ధన్యవాదాలండీ. సాయంత్రం మా వీధిలో ఖాళీ స్థలాలన్నీ తిరిగి చూశాను. వెర్రిబీర ఎక్కడా లేదు. పక్కింటావిడ నేతిబీర ఒక్కటే.

ఇదంతా అమ్మకి ఫోన్లో చెబితే కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. 1977 నవంబరులో ఉప్పెన వచ్చినప్పుడు మా ఇల్లు, గింజలున్న కుండలు అన్నీ పోయాయట. అంతకు రెండేళ్ళ ముందు తెనాలిలో ఉన్న మా పెద్దమ్మకి గుప్పెడు బీర గింజలు పంపి ఉందట. నీళ్ళు తీశాక పెద్దమ్మ చీరలు, బియ్యంతో పాటు ఆ గింజలు కూడా మూటగట్టి పట్టుకొచ్చిందట. "ఆ పూట నాకు చీర కంటే గింజలు చూస్తేనే ఏడుపొచ్చింది" అంది అమ్మ. ఇన్నేళ్ళలో ఈ మాట నాకెప్పుడూ చెప్పలేదు.

తడిగుడ్డలో పది గింజలు కట్టాను. ఆరో రోజుకి ఎనిమిది మొలిచాయి. మిగిలిన నూట నాలుగూ ఆరేసి చొప్పున పొట్లాలు కడితే పదిహేడు వచ్చాయి, రెండు గింజలు మిగిలాయి. ప్రతి పొట్లం మీదా నేతిబీర సంగతి, మొలక లెక్క, గింజలు తిరిగి తెమ్మన్న మాట రాశాను. డబ్బాల్లో మట్టి కలిపి సిద్ధంగా ఉంచాను, ఎర్ర దారం కూడా కొన్నాను. ఆదివారం పొద్దున ఏడింటికి పార్కులో వేపచెట్టు కింద ఉంటాను. మొదటి పొట్లం పక్క మిద్దె ఆవిడకే.