నడుము తొక్కితే నావాడనుకో: ఇక్కడ ‘నా’ ఎవరు?

నాగుల చవితినాడు పుట్ట దగ్గర పెద్దవాళ్లు పిల్లలచేత అనిపించే మాటలు ఊరికో రకంగా ఉంటాయి. మా వైపు వరస ఇది:

నన్నేలు నాగన్నా, నా కులమునేలు
పడగ తొక్కితే పగవాడనుకోకు
నడుము తొక్కితే నావాడనుకో
తోక తొక్కితే తొలగిపో
నూకలిస్తా, పిల్లల మూకనివ్వు

పడగకు పగ, తోకకు తొలగడం, నూకకు మూక. ఒకసారి వింటే చాలు, నోటికి వచ్చేస్తుంది. నాకు మాత్రం మూడో పాదం దగ్గర మనసు ఆగిపోతుంది. మొదటి పాదంలో ‘నన్ను’, ‘నా కులము’ మొక్కేవాళ్లవి. ‘నావాడు’ దగ్గరికొచ్చేసరికి ‘నా’ పాముదైపోయింది! తన నడుము తొక్కినవాణ్ణి చూసి అది ‘వీడు మనవాడేలే’ అనుకోవాలట. ఎంత చనువుగా అడిగారో చూడండి.

తొక్కేది మనిషే అని పాదపాదానా ఒప్పుకున్నారు. మా ఇంటికి రావద్దని మాత్రం ఎక్కడా అడగలేదు. ఎలా అడుగుతారు? గాదెలో ధాన్యం ఉంటే ఎలుకలు చేరతాయి, ఎలుకల వెనకే జెర్రిపోతో తాచో వస్తుంది. పిడకల గూట్లో చెయ్యి పెట్టేటప్పుడు, గడ్డివాము దగ్గరికి చీకట్లో వెళ్లేటప్పుడు ఎదురుపడక తప్పదు. అందుకే ఎదురుపడితే ఏం చెయ్యాలన్న దగ్గరే బేరం పెట్టుకున్నారు.

వ్యాఖ్య: మా దిక్కు పుట్టకు పోయేది శ్రావణంలో, నాగుల పంచమికండీ. ఇంకో సంగతి. రాత్రిపూట ‘పాము’ అంటే మా నాయనమ్మ ఊరుకునేది కాదు, ‘పురుగు’ అనాలె. కరిచిందని కూడా అనరు, ‘పురుగు ముట్టింది’ అంటరు. మీరు రాసిన పాటలో కాటు, విషం అన్న మాటలే లేవు, గమనించారా?

జవాబు: చాలా మంచి మాట పట్టుకున్నారండీ, నాకు తట్టలేదు. భయం అంతా ఉంది, దాని పేరొక్కటే లేదు. ‘ముట్టింది’ అనడంలోనూ అంతే, కోరను కాస్తా వేలికొస చేసేశారు.

ఇక్కడే ఒక మాట గట్టిగా చెప్పాలనిపిస్తోంది. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుకు సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా. అందులో ఎక్కువమంది పల్లెవాళ్లే. చావులు బాగా ఎక్కువున్న రాష్ట్రాల్లో మన రెండూ ఉన్నాయి. ‘పురుగు ముట్టింది’ అని ఎవరైనా అంటే మంత్రగాడి ఇంటికి తీసుకెళ్లకుండా, గాటు పెట్టకుండా, కాలు కదపనివ్వకుండా విషవిరుగుడు సూది ఉన్న ఆసుపత్రికి చేర్చండి. చవితి పాలు కూడా పుట్ట కన్నంలో పొయ్యకండి, పాముకు పాలు ఆహారం కాదు. చిమ్మిలి, చలిమిడి పుట్ట పక్కన పెట్టి దణ్ణం పెట్టుకుంటే సరిపోతుంది.

కొన్ని ఊళ్లలో రెండో పాదం ‘పడగ తొక్కిన’ అని, నాలుగో పాదం ‘తొలగుచు పొమ్ము’ అని విన్నాను. మీ ఇళ్లలో ఎలా అంటారో, మీరు విన్నది విన్నట్టే రాయండి.