"సర్వేయర్ని అడుగు పెట్టనివ్వకండి" అంటే రాజద్రోహమా? (శ్రీకాకుళం చర్చా వేదిక)

నాగావళి: భూసేకరణ సభలో ఒకరు మైకులో "సర్వేయర్ని పొలంలో అడుగు పెట్టనివ్వకండి" అన్నారనుకోండి. జనాన్ని సర్కారు మీదికి ఉసిగొల్పడమే కదా. రాజద్రోహం కాక మరేమిటి?

వంశధార: కాదు నాగావళి గారూ. రాజద్రోహమంటే పాత భారత శిక్షాస్మృతి (ఐపీసీ)లోని సెక్షన్ 124ఎ. 2022 మే 11న సుప్రీంకోర్టు దాని అమలు ఆపించింది. 2024 జులై 1 నుంచి ఆ చోట భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 152 వచ్చింది. పాత సెక్షన్‌లోని "ప్రభుత్వంపై ద్వేషం" అన్న మాట ఇందులో లేదు. వేర్పాటుకో, సాయుధ తిరుగుబాటుకో, విధ్వంసక చర్యలకో తెలిసి రెచ్చగొట్టాలి, లేదా దేశ సమైక్యతకు ముప్పు తేవాలి. పొలం కొలత ఆపడం ఇందులో ఎక్కడ ఇముడుతుంది? 2010 జులై 14న థర్మల్ విద్యుత్ ప్లాంటు వద్దని సోంపేట బీల (చిత్తడి నేలలు) కోసం నిలబడ్డ జనం మీద కాల్పులు జరిగాయి. అదే రోజు ఆ ప్లాంటు పర్యావరణ అనుమతి రద్దయింది. వాళ్లని ద్రోహులంటామా?

చంపావతి: 152ని మరీ మెత్తగా చూపిస్తున్నారు. "విధ్వంసక చర్యలు" అంటే ఏమిటో చట్టంలో నిర్వచనం లేదు. పాత సెక్షన్‌లో యావజ్జీవం, లేదంటే 3 ఏళ్లు. ఇప్పుడా 3 కాస్తా 7 అయింది. ఎఫ్‌ఐఆర్‌కి ముందు 14 రోజుల ప్రాథమిక విచారణ 3 నుంచి ఏడేళ్లలోపు శిక్షలకే, దీనికి లేదు.

నాగావళి: 1962లో కేదార్‌నాథ్ సింగ్ రాజద్రోహం కేసులో సుప్రీంకోర్టు హింసకి పురికొల్పితేనే నేరమంది. అయినా ఆయన అప్పీలు కొట్టేసింది. అంటే మాటకే శిక్ష పడింది.

వంశధార: 1995 బల్వంత్ సింగ్ తీర్పు కూడా చూడండి. చండీగఢ్‌లో సినిమా హాలు ముందు నినాదాలిచ్చారు, జనం కదల్లేదు, కోర్టు విడిచిపెట్టింది. సర్వేయర్ని అడ్డుకుంటే పడేది అదే సంహితలోని సెక్షన్ 221: 3 నెలల జైలు, లేదా 2,500 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. చేయి చేసుకుంటే సెక్షన్ 132. 221కి ఆ ఉద్యోగి గానీ పై అధికారి గానీ కోర్టుకి రాతపూర్వకంగా ఫిర్యాదివ్వాలి, పోలీసుల చార్జిషీటు ఒక్కటే అయితే కేసు నిలవదు. 152కైతే ప్రభుత్వ అనుమతి లేనిదే కోర్టు విచారణకి తీసుకోదు.

చంపావతి: ఆ అనుమతి కోర్టు గడప దగ్గర మాట. అరెస్టుకి అక్కర్లేదు, అప్పటికే మనిషి జైల్లో ఉంటాడు. అందుకే సభ పెట్టేవాళ్లు ప్రసంగం మొత్తం రికార్డు చేసి, ఆ ఫోన్ భద్రంగా ఉంచాలి. "అభ్యంతరం 60 రోజుల్లో కలెక్టరుకి రాసిద్దాం, అది తేలేదాకా సర్వేయర్ని అడుగు పెట్టనివ్వకండి" అన్న వాక్యాన్ని వాట్సాప్ ముక్కగా కత్తిరిస్తే చివరి మూడు మాటలే మిగులుతాయి.