కొత్త ఫ్లైట్ అటెండెంట్‌ను: ఇంటి దగ్గర బేస్‌లో రిజర్వ్ మేలా, న్యూయార్క్‌లో లైన్ మేలా?

మేఘమాల (ప్రశ్న)

అందరికీ నమస్కారం. అమెరికాలో ఒక పెద్ద విమానయాన సంస్థలో ఫ్లైట్ అటెండెంట్‌గా శిక్షణ పొందుతున్నాను. త్వరలో పూర్తవుతుంది. ఏ బేస్ (అంటే మా డ్యూటీలు మొదలై ముగిసే ఊరు) కావాలో వరుసగా రాసివ్వమన్నారు. అత్యవసర ద్వారం తెరవడం, క్యాబిన్‌లో మంటలార్పడం, గుండె ఆగినవారికి షాక్ ఇచ్చే ఏఈడీ యంత్రం పెట్టడం, అన్నీ నేర్పారు. కానీ వచ్చే నెల నుంచి నా బతుకు ఎలా ఉంటుందో మాత్రం ఎవరూ తిన్నగా చెప్పరు. అడిగితే "అంతా సీనియారిటీనే" అని నవ్వి ఊరుకుంటారు.

ఇప్పుడు రెండు బేస్‌లలో ఖాళీలున్నాయి. ఒకటి న్యూయార్క్. రెండోది మేముండే ఊరే. మా వారి ఉద్యోగం, ఒకటో తరగతి చదివే మా అమ్మాయి బడి, అన్నీ ఇక్కడే. ఇక్కడైతే ఏళ్ల తరబడి రిజర్వ్ (ఎప్పుడు పిలిస్తే అప్పుడు వెళ్లడం) తప్పదని, న్యూయార్క్‌లో తొందరగా లైన్ (ముందే ఖరారైన నెల ట్రిప్పుల పట్టిక) వస్తుందని అంటున్నారు. ఏది రాయాలి?

ఇంకో సందేహం. మా బ్యాచ్ అంతా ఒకే రోజు చేరాం. అయినా సీనియారిటీ జాబితాలో వయసులో పెద్దవాళ్లకు ముందు నంబర్లు ఇచ్చారు. నేను దాదాపు చివర ఉన్నాను. ఈ కాస్త తేడా నిజంగా లెక్కలోకి వస్తుందా?

వెనక గ్యాలీ (జవాబు)

మీరు చివర అడిగినదానికి ముందు చెబుతాను. వస్తుంది. ఇరవై ఏళ్ల తర్వాత కూడా వస్తుంది. క్రిస్మస్ వారంలో ఒక్క సెలవే మిగిలిందనుకోండి, శిక్షణలో మీ పక్క కుర్చీలో కూర్చున్నామెకు దొరుకుతుంది, మీకు దొరకదు. ఒకే రోజు చేరినవాళ్లను విడదీయడానికి ఏదో ఒక పద్ధతి ఉండాలి కాబట్టి చాలా సంస్థలు వయసు చూస్తాయి. న్యాయమా అని అడగకండి, ఇక మారదు.

సీనియారిటీ అంటే అనుభవానికిచ్చే గౌరవం అనుకుని వస్తారు కొత్తవాళ్లు. కాదమ్మా, అది వరుసలో చోటు. మీరెంత బాగా పనిచేసినా, మిమ్మల్ని మెచ్చుకుంటూ ప్రయాణికులు ఎన్ని ఉత్తరాలు రాసినా ఆ చోటు మారదు. పైవాళ్లు రిటైరవ్వాలి, మానెయ్యాలి, లేదా వేరే బేస్‌కు వెళ్లిపోవాలి. అప్పుడే మీరు ముందుకు జరుగుతారు.

నెల నెలా జరిగేది ఇది. వచ్చే నెలకు ఏ ట్రిప్పులు కావాలో, ఏ రోజులు సెలవు కావాలో అందరం బిడ్ వేస్తాం. కంప్యూటర్ జాబితాలో పై నుంచి మొదలుపెడుతుంది. మొదటి నంబరు మనిషి తనకు కావలసినవి తీసుకున్నాక రెండో నంబరు, తర్వాత మూడు, అలా దిగుతూ వస్తుంది. చివరి బంతిలో కూర్చున్నవాళ్ల విస్తట్లోకి ఏమొస్తుందో మీకు తెలుసుగా! తెల్లవారుజామున నాలుగున్నరకు రిపోర్ట్ చేయాల్సినవి, రోజుకు నాలుగు సార్లు ఎక్కి దిగేవి, శని ఆదివారాలను మింగేసేవి మిగులుతాయి. అవి కూడా అయిపోయాక ఇంకా ఎవరైనా ఉంటే వాళ్లకు లైన్ ఉండదు. వాళ్లే రిజర్వ్.

రిజర్వ్ అంటే శిక్ష కాదు, అది లేకపోతే విమానాలు కదలవు. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ నిబంధన ప్రకారం ప్రతి 50 సీట్లకు ఒక అటెండెంట్ ఉండాలి. 160 సీట్ల విమానమైతే నలుగురు. నాలుగో మనిషికి ఉదయం జ్వరం వస్తే, సగం సీట్లు ఖాళీగా ఉన్నా సరే, ముగ్గురితో బయలుదేరడానికి వీల్లేదు. సీట్లను బట్టే లెక్క, ఎక్కిన జనాన్ని బట్టి కాదు. ఆ నాలుగో మనిషి మీరు.

ఎంత ముందుగా పిలుస్తారన్నది సంస్థను బట్టి, యూనియన్ ఒప్పందాన్ని బట్టి ఉంటుంది. లాంగ్ కాల్ అయితే సుమారు పన్నెండు గంటల ముందు చెబుతారు. షార్ట్ కాల్ అయితే రెండు మూడు గంటల్లో విమానాశ్రయంలో ఉండాలి. ఎయిర్‌పోర్ట్ స్టాండ్‌బై అయితే యూనిఫాం వేసుకుని అక్కడే కూర్చోవాలి. షార్ట్ కాల్ రోజున స్నానాల గదిలోకి కూడా ఫోను వెంట వస్తుంది. పెట్టెలో స్వెటర్ ఉంటుంది, పలచటి చొక్కా కూడా ఉంటుంది, ఎందుకంటే పిలుపు మంచు పడుతున్న బోస్టన్‌కో, ఎండ మండుతున్న ఫీనిక్స్‌కో మీకు తెలియదు. ఒక రోజు ట్రిప్ అని పిలిచి, మధ్యలో నాలుగు రోజులకు మార్చిన సందర్భాలూ ఉన్నాయి. అందుకే ఒక్క రోజుకు సర్దుకుని వెళ్లే రిజర్వ్ మనిషిని నేనింతవరకు చూడలేదు. ప్రొబేషన్‌లో ఉండగా పిలుపు అందుకోకపోతే ఉద్యోగానికే ముప్పు, ఇది మాత్రం గట్టిగా గుర్తుంచుకోండి.

ఇక బేస్ సంగతి. అందరూ తమ పైన ఎంతమంది ఉన్నారో చూస్తారు. మీరు కింద ఎంతమంది చేరబోతున్నారో కనుక్కోండి. ఒక బేస్‌కు రిజర్వ్ మనుషులు ఇంతమంది కావాలని సంస్థకు ఒక అంచనా ఉంటుంది. వాళ్లను అడుగు నుంచి లెక్కపెడతారు. మీ తర్వాత కొత్త బ్యాచ్‌లు వస్తూ ఉంటే మీరు వాళ్లమీదుగా పైకి తేలతారు. రాకపోతే ఎన్నేళ్ల సర్వీసున్నా అడుగునే ఉంటారు. 2008 మాంద్యం తర్వాత నియామకాలు ఆగిపోయిన కాలంలో పదేళ్లు దాటినవాళ్లు కూడా రిజర్వ్ చేశారు. కాబట్టి "ఎన్నేళ్లలో లైన్ వస్తుంది" అని ఎవరినీ అడగకండి, ఆ ప్రశ్నకు జవాబు లేదు. కిందటి నెలలో ఆ బేస్‌లో లైన్ దక్కిన చివరి మనిషి నంబరెంత, అది అడగండి. రిజర్వ్ నెల నెలా ఉంటుందా, లేక కొన్ని సంస్థల్లో మాదిరి ఒక నెల రిజర్వ్, ఒక నెల లైన్‌గా తిరుగుతుందా, అది కూడా అడగండి.

నా మాటైతే మీ ఊరే రాయండి. పాప చిన్నది. ఇంట్లో కూర్చుని ఫోను కోసం ఎదురుచూడటం వేరు, మరో ఊళ్లో ముక్కూ మొహం తెలియని వాళ్లతో రెండంతస్తుల మంచాల గదిలో ఎదురుచూడటం వేరు. న్యూయార్క్‌లో లైన్ తొందరగా ఎందుకు వస్తుందో తెలుసా? అక్కడ ఉండలేక అందరూ వెళ్లిపోతారు కాబట్టి.

అర్ధరాత్రి విమానం (జవాబు)

పై అక్కయ్యగారితో సగమే ఏకీభవిస్తాను. నేను న్యూయార్క్ నుంచే ఎగురుతున్నాను, కాపురం వేరే రాష్ట్రంలో.

లైన్ చెత్తదైనా సరే, చేతికొచ్చాక మార్చుకోవచ్చు. ఒక ట్రిప్ ఇచ్చి ఇంకోటి తీసుకోవచ్చు, ఎవరికైనా వదిలెయ్యవచ్చు, డబ్బు కావాలంటే అదనంగా ఎత్తుకోవచ్చు. రిజర్వ్‌లో ఈ వెసులుబాటు దాదాపు ఉండదు. గ్యారంటీ పేరుతో నెలకు సుమారు 75 గంటల జీతం ఇస్తారు, పిలవకపోయినా ఇస్తారు, అది నిజమే. కానీ మా వృత్తిలో గంటల లెక్క సాధారణంగా విమానం తలుపు మూసినప్పటి నుంచే మొదలవుతుందన్నది మర్చిపోకండి. ప్రయాణికులు ఎక్కుతున్నంతసేపు చేసే చాకిరీకి డెల్టా 2022లో సగం రేటు ఇవ్వడం మొదలుపెట్టేదాకా అమెరికాలోని పెద్ద సంస్థల్లో ఏదీ ఇవ్వలేదు. రిజర్వ్‌లో నాలుగు చిన్న విమానాలు ఎక్కి దిగిన రోజున ఈ తేడా ఒళ్లంతా తెలుస్తుంది.

అయితే ఒకటి ఒప్పుకుంటాను. కమ్యూట్ చేస్తూ, అంటే వేరే ఊళ్లో కాపురముండి బేస్‌కు విమానంలో వచ్చిపోతూ, రిజర్వ్ చేయడం మాత్రం నరకం. షార్ట్ కాల్‌కు రెండు గంటల్లో రావాలంటే మీరు న్యూయార్క్‌లోనే పడి ఉండాలి. ఇంటికీ బేస్‌కూ మధ్య ప్రయాణమంతా మీ సెలవు రోజుల్లోంచే పోతుంది, పైగా ఖాళీ సీటు దొరికితేనే. లైన్ వచ్చాక మొదటి రోజు మధ్యాహ్నం మొదలై చివరి రోజు సాయంత్రానికి ముందే ముగిసే ట్రిప్పులు ఏరుకుంటే ఆ రోజులు మిగులుతాయి. కానీ వాటినే అందరూ కోరుకుంటారు, అక్కడ మళ్లీ సీనియారిటీ.

ఎడారి ఆకాశం (జవాబు)

గల్ఫ్ నుంచి చూసేవాళ్లకు మీ గొడవ వింతగా ఉంటుంది. మా సంస్థలో బిడ్‌కు సర్వీసుతో పని లేదు. మమ్మల్ని గుంపులుగా చేసి, నెల నెలా ఒక్కో గుంపుకు ముందు వరుస ఇస్తారు. రిజర్వ్ నెల కూడా అలాగే తిరుగుతూ అందరికీ వస్తుంది. కొత్తవాళ్లకు హాయి. కానీ ఎన్నేళ్లు చేసినా నాకంటూ ఒక పక్కా వారం ఉండదు. పెళ్లయ్యాక మా వాళ్లలో చాలామంది మానేసేది అందుకే. మీ పద్ధతిలో మొదట ఏడ్చినా తర్వాత సుఖముంటుంది కదా.

వెనక గ్యాలీ

ఎడారి ఆకాశం గారూ, ఆ తర్వాత సుఖం ఎంతవరకు వెళ్తుందో ఒక ఉదాహరణ. బెట్ నాష్ అనే ఆవిడ 1957లో ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్‌లో చేరారు. 2024లో 88వ ఏట కన్నుమూసేదాకా ఆ వృత్తిలోనే ఉన్నారు, చివరికి అమెరికన్ ఎయిర్‌లైన్స్‌లో. ప్రపంచంలో ఏ నగరానికైనా వెళ్లగలిగే నంబరు ఆవిడది. ఎంచుకున్నది వాషింగ్టన్–బోస్టన్ షటిల్! డౌన్ సిండ్రోమ్ ఉన్న కొడుకును చూసుకోవడానికి ప్రతి రాత్రీ ఇంటికి చేరాలని. కొత్త పిల్లలు సీనియర్లంతా పారిస్, టోక్యో పట్టుకుపోతారనుకుంటారు. మా బేస్‌లో ముందు ఖాళీ అయ్యేది ఒక రోజులో వెళ్లి వచ్చే ట్రిప్పులే.

అన్నట్టు అర్ధరాత్రి విమానం గారి మాటకు ఒక చేర్పు. నంబరు మీది కాదు, సంస్థది. రేపు వేరే సంస్థకు మారితే మళ్లీ అడుగునుంచే. సంస్థలు కలిసినప్పుడు ఇంకా దారుణాలు జరిగాయి. 2001లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ టీడబ్ల్యూఏ అనే మరో విమానయాన సంస్థను కొన్నప్పుడు టీడబ్ల్యూఏ అటెండెంట్లందరినీ జాబితాలో అట్టడుగున చేర్చారు. దశాబ్దాల సర్వీసు ఉన్నవాళ్లు నిన్న చేరినవాళ్ల కిందికి వెళ్లారు. లేఆఫ్ ఎప్పుడూ అడుగు నుంచే కాబట్టి తర్వాత ఉద్యోగాలు పోయిందీ వాళ్లకే. దాని ఫలితంగానే 2007లో మెకాస్కిల్–బాండ్ చట్టం వచ్చింది. జాబితాలు న్యాయంగా కలపాలని, తేలకపోతే మధ్యవర్తి దగ్గరికి వెళ్లాలని.

మేఘమాల

ఇంత ఓపికగా రాసినందుకు కృతజ్ఞతలు. మా వారితో మాట్లాడాను, మా ఊరే మొదట రాస్తున్నాను. ఇంకో రెండు ప్రశ్నలు. నాకు హిందీ బాగా వచ్చు. భాషా పరీక్ష రాస్తే ఢిల్లీ విమానాలు దొరుకుతాయంటున్నారు, నిజమా? రిజర్వ్‌లో కూడా సెలవు రోజులకు బిడ్ వేయాలట, అందులో ఏమి అడగాలి? పాపతో శని ఆదివారాలు గడపాలని నా ఆశ.

వెనక గ్యాలీ

హిందీ నిజమే. భారతదేశానికి నడిపే సంస్థల్లో కొన్ని సీట్లు భాష వచ్చినవాళ్లకే కేటాయిస్తారు. మీకంటే ఎంతో పైన ఉన్నవాళ్లు చూస్తూ ఉండగా మీకు ఢిల్లీ రావచ్చు. కానీ వరం రెండు వైపులా పనిచేస్తుంది. భాష మనిషి తక్కువైన ప్రతిసారీ మీకే ఫోను వస్తుంది. ఆ ట్రిప్పులు వద్దనుకున్న నెలలో కూడా. మీ ఊరి నుంచి ఢిల్లీ విమానం లేకపోతే అసలు ఆ పరీక్షతో మీకిప్పుడు పనేముంది? ఒక ఏడాది ఆగి రాయండి.

సెలవుల విషయంలో శని ఆదివారాలు అడగకండి. మీ నంబరుకు రావు. రాకపోవడమే కాదు, కంప్యూటర్ మీ మొదటి కోరికలన్నీ కొట్టేసుకుంటూ వచ్చి చివరికి మిగిలిన రోజులు చెల్లాచెదురుగా పారేస్తుంది. ఇక్కడ ఒకటి, అక్కడ ఒకటి. అలాంటి సెలవుతో బట్టలు ఉతుక్కోవడం తప్ప ఏమీ కాదు. మంగళ, బుధ, గురువారాలు కలిపి అడగండి. అవి పైవాళ్లెవరికీ అక్కరలేదు కాబట్టి వస్తాయి. పాపను మీరే బడిలో దింపి, మీరే తెచ్చుకుంటారు. బడి మీటింగులు కూడా ఎక్కువగా వారం మధ్యలోనే పెడతారు.

సీనియారిటీతో పని లేనిది ఒక్కటుంది, విశ్రాంతి. పని ముగిశాక మీకు వరుసగా 10 గంటలు ఇవ్వాలి, తగ్గించడానికి వీల్లేదు. 2018లో చట్టం చేస్తే ఎఫ్ఏఏ 2022లో గానీ నిబంధన తేలేదు. అంతకుముందు 9 గంటలు, అవసరమైతే 8కి కుదించేవారు. షెడ్యూలింగ్ వాళ్లు హడావిడిగా ఫోను చేసి తొందరపెట్టినప్పుడు ముందు ఈ 10 గంటలు లెక్కవేసుకుని, ఆ తర్వాతే సరేనండి.

అర్ధరాత్రి విమానం

నా ఓటు ఓడిపోయినా సరే, ఒక్క మాట. బేస్ మార్పు దరఖాస్తు కూడా సీనియారిటీ వరుసలోనే తెరుస్తారు, కానీ వేసి ఉంచడానికి ఖర్చేమీ లేదు. మీ ఊళ్లో ఇప్పుడు రాకపోతే మొదటి రోజే దరఖాస్తు వేసెయ్యండి. వచ్చాక ఆలోచిద్దామని ఆగినవాళ్లు ఖాళీలు ప్రకటించిన సంగతి గడువు దాటాకే తెలుసుకుంటారు.